మీ కోసం ఎవరు సంతకం పెడతారు?

ఒకప్పుడు బ్యాంకులో పొదుపు ఖాతా తెరవాలంటే దరఖాస్తు ఫారంలో ‘పరిచయం చేసినవారు’ అనే గడి ఒకటి నింపవలసి వచ్చేది. అప్పటికే ఆ బ్రాంచిలో ఖాతా ఉన్న మరొకరు వచ్చి, “ఈయన నాకు ఇంతకాలంగా తెలుసు” అని సంతకం పెట్టి, తన ఖాతా నంబరు వేస్తేనే పాసుపుస్తకం చేతికి వచ్చేది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో కౌంటరు దగ్గర రోజూ చూసిన తంతు ఇది. బదిలీ మీద వచ్చిన గుమాస్తా, ఇళ్ళు కట్టడానికి వచ్చిన మేస్త్రీ, చదువు కోసం వచ్చిన కుర్రవాడు, అందరూ ఈ ఒక్క గడి దగ్గర ఆగిపోయేవారు. జేబులో డబ్బున్నా “ఈ ఊళ్ళో నన్ను ఎరిగినవాళ్ళు ఎవరున్నారు?” అని వెతుక్కోవలసి వచ్చేది.

ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు. ఆధార్, పాన్ కార్డులు వచ్చాయి. ఖాతా తెరవడానికి పరిచయ సంతకం కోసం పట్టుబట్టవద్దని రిజర్వు బ్యాంకు 2012లో బ్యాంకులకు స్పష్టం చేసింది. ఎవరూ తెలియని పేదవాడికి ఇది నిజంగా మేలు చేసిన మార్పు. అయితే బ్యాంకు ఫారంలోంచి పోయిన ఆ గడి మన జీవితాల్లోంచి పోలేదు. ఇల్లు అద్దెకు ఇచ్చేవాళ్ళు అడుగుతారు, ఉద్యోగం ఇచ్చేవాళ్ళు అడుగుతారు, పిల్లనిచ్చేవాళ్ళు మరీ అడుగుతారు: “ఈ మనిషి ఎలాంటివాడు? మీకు తెలుసా?” అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెత్తవలసి వస్తే ఎవరి తలుపు తట్టాలన్నది కూడా ఆ గడిని నింపే ప్రశ్నే.

సొంత రాష్ట్రంలో ఉన్నవాళ్ళకి తాతల నాటి ఊరు, ఇంటిపేరు కొంత పరిచయాన్ని వాటంతట అవే తెచ్చిపెడతాయి. బళ్ళారిలోనో, హోసూరులోనో, బరంపురంలోనో, షోలాపూరులోనో తరాలుగా స్థిరపడిన మనకు ఆ సదుపాయం సగమే ఉంది. మిగతా సగం మనమే సంపాదించుకోవాలి. అది ఎలా అన్నదే ఈ వ్యాసం.

సిఫార్సు వేరు, పరిచయం వేరు

పెళ్ళి పందిళ్ళలో, ఉగాది సభల్లో బ్యాంకు ఆఫీసరు కనిపిస్తే చాలు, ఒక మాట తప్పకుండా వినబడుతుంది. “అన్నయ్యగారూ, మావాడు బి.కాం. పాసై ఏడాదయింది. మీ బ్యాంకులో ఎవరికైనా ఓ మాట చెప్పి పెట్టండి.” వారి ఆరాటం నాకు అర్థమవుతుంది. కానీ ప్రభుత్వరంగ బ్యాంకుల్లో గుమాస్తా, ఆఫీసరు ఉద్యోగాలకు 2011 నుంచి ఐ.బి.పి.ఎస్. ఉమ్మడి పరీక్ష నడుస్తోంది. స్టేటు బ్యాంకుకి విడిగా సొంత పరీక్ష ఉంది. అక్కడ నా మాట గాని, నా పై అధికారి మాట గాని చెల్లదు. చెల్లకూడదు కూడా.

అలాగని పరిచయాలు దండగ అనుకోకూడదు. అవి పనిచేసే చోటు వేరు. ఫలానా పరీక్ష ప్రకటన వచ్చిందని వేళకు చెప్పేది ఒక పరిచయస్తుడు. ఇంటర్వ్యూలో ఏమి అడుగుతారో చెప్పేది నిరుడు ఆ ఇంటర్వ్యూకి వెళ్ళివచ్చిన ఓ అమ్మాయి. ప్రైవేటు కంపెనీలో ఒక ఖాళీ ఏర్పడితే, పత్రికలో ప్రకటన పడకముందే “మా వీధిలో ఓ బుద్ధిమంతుడున్నాడు” అని చెప్పేది అక్కడ పనిచేసే పొరుగాయన. సిఫార్సు అంటే అర్హత లేనివాడిని లోపలికి నెట్టడం. పరిచయం అంటే అర్హత ఉన్నవాడు ఉన్నాడని నలుగురికీ తెలియడం. మొదటిదాన్ని అడగడానికి సిగ్గుపడాలి, రెండోదాన్ని పెంచుకోవడానికి సిగ్గుపడనక్కరలేదు.

దగ్గరవాళ్ళు, కాస్త దూరపువాళ్ళు

ఈ విషయం మీద అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ చేసిన పరిశీలన ఒకటి ప్రతి ఇంట్లోనూ తెలియవలసినది. బోస్టన్ దగ్గరున్న న్యూటన్ అనే పట్టణంలో, ఉద్యోగాలు మారిన చదువుకున్నవారిని ఆయన ప్రశ్నించారు. పరిచయస్తుల ద్వారా ఉద్యోగం తెలిసినవాళ్ళను, “ఆ చెప్పినాయన్ని అప్పట్లో మీరు ఎంత తరచుగా కలిసేవారు?” అని అడిగారు. వారానికి కనీసం రెండుసార్లు కలిసేవారన్నవాళ్ళు 16.7 శాతమే. అప్పుడప్పుడు కలిసేవారన్నవాళ్ళు 55.6 శాతం. ఏడాదికి ఒకసారో, అంతకంటే తక్కువో అన్నవాళ్ళు 27.8 శాతం. ఈ లెక్కలు 1973లో ఆయన రాసిన వ్యాసంలో ఉన్నాయి.

ప్రశ్నించినవాళ్ళు తక్కువమందే గనుక ఈ అంకెలను పట్టుకుని మరీ వేలాడనక్కరలేదు. కానీ అందులోని తర్కం మన అనుభవానికి దగ్గరగా ఉంది. మన అన్నదమ్ములు, ప్రాణస్నేహితులు మన మేలు కోరతారు, కాని మనకు తెలిసిందే వాళ్ళకీ తెలుసు. మనం తిరిగే చోటే వాళ్ళూ తిరుగుతారు. అప్పుడప్పుడు కనిపించే మనిషి వేరే లోకంలో తిరుగుతాడు గనుక కొత్త కబురు తేగలడు. 2022లో లింక్డిన్ అనే ఉద్యోగ పరిచయాల వేదికపై 2 కోట్లమందికి సంబంధించిన సమాచారాన్ని పరిశీలించిన పరిశోధకులు కూడా దాదాపు ఇదే తేల్చారు. మరీ దగ్గరివాళ్ళ కంటే, బొత్తిగా ముఖపరిచయమే ఉన్నవాళ్ళ కంటే, ఆ రెంటికీ నడుమ ఉండే పరిచయస్తులే కొత్త ఉద్యోగానికి ఎక్కువ అక్కరకొచ్చారని వారన్నారు.

ఇప్పుడు ఈ కొలబద్దతో మన ఇళ్ళను చూసుకుందాం. మనలో చాలామందికి దగ్గరి బంధాలకు లోటు లేదు. మేనమామలు, పినతల్లులు, వియ్యంకులు, సంఘం సభ్యులు, సంక్రాంతికి అరిసెలు ఇచ్చిపుచ్చుకునే నాలుగిళ్ళు ఉన్నాయి. లోటు ఉన్నది రెండో రకంలో. ఇరవై ఏళ్ళు ఒకే వీధిలో ఉండి, ఎదురింటి కన్నడిగుల పెద్దాయన ఏ శాఖలో రిటైరయ్యారో తెలియనివాళ్ళున్నారు. పక్కింటి ఒడియా కుటుంబంలో చదువుకునే అమ్మాయి ఉన్నదని తెలిసినా, ఆమె ఏ కాలేజీలో చేరిందో అడగనివాళ్ళున్నారు. వారిపై కోపమేమీ ఉండదు. పలకరించే తీరిక చేసుకోలేదు, అంతే.

షోలాపూరునే తీసుకోండి. తెలంగాణ జిల్లాల నుంచి వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు అక్కడ చేమగ్గాలతో మొదలుపెట్టి మరమగ్గాల దాకా వెళ్ళి, దుప్పట్లకీ తువ్వాళ్ళకీ ఆ ఊరికి పేరు తెచ్చినవారిలో ముఖ్యులయ్యారు. ముందు వెళ్ళినవాళ్ళు వెనకవచ్చే బంధువుకి చోటు చూపించడం వలస వెళ్ళిన ప్రతి సమూహంలోనూ ఉన్నదే. అది దగ్గరి బంధం చేసే పని. కాని నేసిన దుప్పటి ఇంట్లో పెట్టుకుంటే అన్నం పెట్టదు. నూలు అమ్మే వ్యాపారితోనూ, సరుకు కొనే దుకాణదారుతోనూ మరాఠీలోనో హిందీలోనో మాట కలపవలసిందే. అది దూరపు పరిచయం చేసే పని. యానాంవారి సంగతి ఇంకో రకం. బజారు పని కాకినాడలో తెలుగులోనే తీరిపోతుంది. ప్రభుత్వ ఫైలు మాత్రం వందల కిలోమీటర్ల దూరంలో, తమిళం వినిపించే పుదుచ్చేరిలో కదలాలి. మన వలస జీవితమంతా ఈ రెండు కాళ్ళ మీదే నడిచింది. ఒక కాలే బలంగా ఉంటే నడక కుంటుతుంది.

బరంపురం నుంచి ఒక పాఠం

ఈ రెండో కాలు బలంగా ఉన్న మనిషికి మనలోనే గొప్ప ఉదాహరణ ఉంది. వరాహగిరి వేంకటగిరి 1894లో బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టారు. అప్పటికి ఆ ఊరు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు అందులోకి వెళ్ళింది. డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి, ఐరిష్ స్వాతంత్ర్య ఉద్యమకారులతో స్నేహం కట్టి, 1916లో తిరిగివచ్చారు. లాయరుగా సుఖంగా స్థిరపడే దారి ఎదురుగా ఉన్నా రైల్వే కార్మికుల మధ్యకు వెళ్ళారు. బెంగాల్ నాగపూర్ రైల్వేలో పని పోగొట్టుకున్న కార్మికుల కోసం 1928లో ఆయన నడిపిన అహింసాయుత సమ్మె విజయవంతమైంది. ఆ రైల్వేలో తెలుగు, ఒడియా, బెంగాలీ, హిందీ మాట్లాడేవాళ్ళు కలిసి పనిచేసేవారు. ఒక భాషవాళ్ళనే నమ్ముకున్న నాయకుడికి అలాంటి సమ్మె సాధ్యం కాదు.

స్వతంత్రం వచ్చాక 1952లో ఆయన కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. యజమానులు, కార్మికులు తగవుల్ని కోర్టులకూ ట్రిబ్యునళ్ళకూ ఎక్కించకుండా, ఎదురుబొదురుగా కూర్చుని మాట్లాడుకుని తీర్చుకోవాలని ఆయన పట్టుదల. దానికి ‘గిరి పద్ధతి’ అనే పేరే వచ్చింది. 1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చినప్పుడు, అది సరికాదని మంత్రి పదవికి రాజీనామా ఇచ్చారు. బ్యాంకు ఉద్యోగులమైన మాకు ఆ పేరు ఇప్పటికీ ఆత్మీయమైనది. తరువాత 1969 నుంచి 1974 వరకు రాష్ట్రపతిగా ఉన్నారు.

పదవి పోతుందని తెలిసి కూడా, తనను నమ్మినవాళ్ళ పక్షాన నిలబడిన సంగతే ఇక్కడ మనం పట్టుకోవలసినది. పరిచయాలు పెంచుకోవడాన్ని కొందరు చాకచక్యం అనుకుంటారు. పైవాళ్ళకి వంగి దండం పెట్టడం, పండక్కి స్వీట్ల డబ్బా పంపడం, పని అయ్యాక ఫోను ఎత్తకపోవడం వాళ్ళ పద్ధతి. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. ఈ పద్ధతి ఒకసారి పనిచేస్తుందేమో, రెండోసారికి ఆ సంగతి ఊరంతా తెలుస్తుంది. మన సంఘాల్లాంటి చిన్న సమాజాల్లో మరీ తొందరగా తెలుస్తుంది.

ముందు జమ, తరువాతే అప్పు

పొదుపు సంఘాల సంగతి మీకు తెలిసే ఉంటుంది. 1992లో నాబార్డు 500 సంఘాలతో ప్రయోగంగా మొదలుపెట్టిన పద్ధతి ఇది. పదిమంది నుంచి ఇరవైమంది దాకా మహిళలు ఒక సంఘంగా చేరతారు. వారం వారం కలుస్తారు, తలా కొంచెం పొదుపు చేస్తారు, ఆ డబ్బులోంచే అవసరమైనవాళ్ళకి అప్పులిస్తారు, పుస్తకం రాసుకుంటారు. ఇలా ఓ ఆరు నెలలు సవ్యంగా నడిచాకే బ్యాంకు అప్పు. తాకట్టు అడగం. మరి ఏమి చూసి ఇస్తాం? సమావేశాల పుస్తకం చూసి ఇస్తాం. ఎన్నిసార్లు కలిశారు, ఎంతమంది వచ్చారు, తీసుకున్నవాళ్ళు కట్టారా అన్నదే మాకు తాకట్టు.

మనుషుల మధ్య నమ్మకం కూడా ఇలాగే ఏర్పడుతుంది. ఒకసారి చేసిన పెద్ద ఉపకారం కంటే, చాలాసార్లు చేసిన చిన్న పనులకే అది ఎక్కువ లొంగుతుంది. పొరుగింట్లో ఎవరికో జ్వరమని తెలిస్తే ఓ గ్లాసుడు బార్లీ పంపడం, తోటి ఉద్యోగి తండ్రి పోతే పదో రోజున కూడా గుర్తుపెట్టుకుని పలకరించడం, ఎవరైనా మన పిల్లకి పుస్తకం అరువిస్తే అట్ట వేసి తిరిగివ్వడం, వీటికి ఖర్చేమీ లేదు. మూడేళ్ళు కనబడకుండా పోయి, కొడుకు ఇంజనీరింగు సీటు కోసం హఠాత్తుగా ఫోను చేస్తే అవతలివారికి ఇబ్బంది, మనకి చిన్నతనం.

ఇక్కడ ఒక జాగ్రత్త. బ్యాంకు పాసుపుస్తకంలా జమాఖర్చులు రాసుకుంటూ స్నేహం చేయకూడదు. “నేను వాళ్ళమ్మాయి పెళ్ళికి అంత చదివించాను, వాళ్ళు మావాడి పెళ్ళికి ఇంతే చదివించారు” అని లెక్కలు వేసే ఇంట్లో బంధువులు మిగలరు. లెక్క చూడవలసింది అవతలివాళ్ళు ఇచ్చినదాన్ని కాదు, మనం ఇచ్చిన మాటని.

చెడు కబురు ముందు చెప్పండి

ఉద్యోగంలో పైకి రావడానికి తెలివి, కష్టం కావాలి. ఆ రెండూ ఉన్నవాళ్ళు ఆఫీసులో చాలామంది ఉంటారు. వాళ్ళలో ఒకరిని ఎంచవలసి వచ్చినప్పుడు పై అధికారి మనసులో వేసుకునే ప్రశ్న ఒక్కటే: “ఈ పని ఇతని చేతిలో పెట్టి నేను నిద్రపోగలనా?” ఈ నమ్మకం ఎలా వస్తుందో అప్పులిచ్చే సీటులో కూర్చున్నవాళ్ళకి బాగా తెలుస్తుంది.

వాయిదా కట్టలేని రోజు ఎవరికైనా వస్తుంది. అలాంటప్పుడు ఒక రకం మనిషి, గడువు రాకముందే బ్రాంచికి వచ్చి “సార్, ఈ నెల కుదరదు, రావలసిన బిల్లు ఆగిపోయింది, వచ్చే నెలలో రెండూ కడతాను” అంటాడు. రెండో రకం మనిషి ఫోను ఎత్తడు, ఆ వీధిలోంచి నడవడు, ఇంటికి వెళితే లేడనిపిస్తాడు. మొదటివాడికి ఏదో దారి చూపించాలని ఏ మేనేజరుకైనా ఉంటుంది, నిబంధనల్లో దారులు కూడా ఉన్నాయి. రెండోవాడికి దారి చూపించాలన్నా మనిషి దొరకడు. వాయిదా 90 రోజులు దాటి బకాయి పడితే ఆ ఖాతా మొండి బాకీల వర్గంలోకి వెళుతుంది. ఆ తరువాత మేనేజరు చేతిలో ఉండేది తక్కువ.

ఆఫీసులోనూ ఇంతే. పని ఆలస్యమవుతుందని గడువుకు ముందే చెప్పినవాడికి సాయం దొరుకుతుంది. చెప్పకుండా గడువు దాటించినవాడికి మాటలు దొరుకుతాయి. బాగా జరిగిన పనిలో తోటివారి పేరు చెప్పడం, గుమాస్తా నుంచి ఊడ్చే మనిషి దాకా పేరుపెట్టి, గౌరవవాచకంతో పిలవడం కూడా ఈ కోవలోవే. కొత్త బ్రాంచిలో చేరిన ఆఫీసరుకు ఏ ఖాతాదారు మాట నమ్మదగినదో, ఏ రికార్డు ఏ బీరువాలో ఉందో చెప్పేది చాలాసార్లు ఆ బ్రాంచిలో ఇరవై ఏళ్ళుగా ఉన్న సబ్ స్టాఫే. ఆయన ఆ ఊరి భాషే మాట్లాడతాడు. ఆ భాషలో నాలుగు ముక్కలు నేర్చుకుని మాట్లాడిన ఆఫీసరుకీ, నేర్చుకోనివాడికీ తేడా ఆరు నెలల్లో తెలిసిపోతుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పెద్దలు ఊరికే అనలేదు.

జామీను దగ్గర జాగ్రత్త

పెద్ద శత్రుత్వాల వల్ల చెడిన బంధుత్వాల కంటే, చిన్న సంతకాల వల్ల చెడినవే నేను ఎక్కువగా చూశాను. బావమరిది వ్యాపారానికి అప్పు తీసుకుంటూ, “ఊరికే ఫార్మాలిటీ బావా, ఓ సంతకం పెట్టు” అంటాడు. బావగారు కాగితం చదవకుండా సంతకం పెడతారు. రెండేళ్ళకు వ్యాపారం మునుగుతుంది, నోటీసు బావగారికి వస్తుంది. “అప్పు తీసుకున్నది వాడు కదా, ముందు వాణ్ణి అడగండి” అని ఆయన బ్యాంకుకు వచ్చి వాదిస్తారు. చట్టం అలా లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, జామీనుదారు బాధ్యత అప్పు తీసుకున్నవారి బాధ్యతతో సమానం. బ్యాంకు ముందుగా అప్పుదారు మీదకే వెళ్ళాలన్న నియమం లేదు. ఆ జామీను మీ సిబిల్ నివేదికలో కూడా కనిపిస్తుంది. రేపు మీ అమ్మాయి చదువుకి అప్పు కావలసివస్తే అది అడ్డురావచ్చు.

అందుకని జామీను పెట్టవద్దని చెప్పను. ఎవరూ ఎవరికీ పెట్టకపోతే లోకం నడవదు. నేను మావాళ్ళకి చెప్పేవి మూడే మాటలు. మొత్తం అప్పు మీరే కట్టవలసివస్తే కట్టగలిగితేనే సంతకం పెట్టండి. భార్యాభర్తలిద్దరూ ఒప్పుకున్నాకే పెట్టండి. చేబదులు ఎంత చిన్నదైనా తేదీ వేసి ఓ కాగితం మీద రాసుకోండి. మరచిపోవడం మనిషి స్వభావం, కాగితం మరచిపోదు.

కాదనవలసి వస్తే ఎలా అన్నదే చాలామందికి సమస్య. ఫోను ఎత్తకుండా తప్పించుకోవద్దు. పిలిచి, కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, “సంతకం నా వల్ల కాదురా, ఇంత మటుకు ఇవ్వగలను, తిరిగి ఇవ్వకపోయినా నేను అడగను” అని చెప్పగలిగినంత ఇవ్వండి. ఆ రోజుకి ముఖం మాడ్చుకున్నా, పదేళ్ళ తరువాత కూడా ఆ బావమరిది మీ గుమ్మం ఎక్కుతాడు.

ఇల్లు సరిగా ఉంటేనే

ఉద్యోగం, పరిచయాలు అంటూ ఇంతసేపు మాట్లాడుకున్నాం. వీటన్నిటికీ పునాది ఇంట్లో ఉంది. హార్వర్డ్ విశ్వవిద్యాలయం వారు 1938లో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. 268 మంది హార్వర్డ్ విద్యార్థుల జీవితాలను, దానితోపాటు బోస్టన్ పేదవాడల్లోని 456 మంది కుర్రవాళ్ళ జీవితాలను దశాబ్దాలపాటు పరిశీలిస్తూ వచ్చారు. యాభై ఏళ్ళ వయసులో తమ అనుబంధాలతో తృప్తిగా ఉన్నవాళ్ళే ఎనభై ఏళ్ళ వయసులో ఎక్కువ ఆరోగ్యంగా ఉన్నారని అందులో తేలింది. ఆ వయసులోని కొలెస్ట్రాల్ అంకె కూడా అంత బాగా రాబోయే ఆరోగ్యాన్ని చెప్పలేకపోయిందట. యాభై దాటి, ఏడాదికోసారి రక్తపరీక్షల కాగితం పట్టుకుని కంగారుపడే నా ఈడువాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

స్నేహం, వృత్తి ఒకటిగా కలిసి జీవితమంతా నిలిచిన జంట మన తెలుగువారిలోనే, అదీ మద్రాసులోనే ఉంది. బాపు, ముళ్ళపూడి వెంకటరమణ బడిరోజుల్లోనే స్నేహితులయ్యారు. ఒకరు రాస్తే ఒకరు బొమ్మ వేశారు. 1967లో ‘సాక్షి’తో మొదలుపెట్టి సినిమాలు తీశారు. రెండు కుటుంబాలూ ఒకే ఇంట్లో ఉన్నాయి. సినిమారంగంలో లాభాలు వచ్చినప్పుడూ, నష్టాలు వచ్చినప్పుడూ భాగస్తులు విడిపోవడం మామూలు. వీళ్ళు విడిపోలేదు. రమణగారు 2011 ఫిబ్రవరిలో పోయాక, ఆయన మాటలు రాసిన ‘శ్రీరామరాజ్యం’ ఆ ఏడాది చివర విడుదలైంది. బాపుగారు 2014లో కన్నుమూశారు. ఒకరి ప్రతిభను ఇంకొకరు ఈర్ష్య లేకుండా నిజంగా ఆనందించడం అంత సులువు కాదు. అది అలవడినచోట పేరెవరిది, డబ్బెవరిది అన్న పేచీ పుట్టదు.

బ్యాంకు ఉద్యోగుల ఇళ్ళలో మూడేళ్ళకో బదిలీ. పిల్లల చదువు కోసం భార్య ఓ ఊళ్ళో, భర్త ఓ ఊళ్ళో ఉండటం మాకు కొత్త కాదు. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్ళలో ఇది ఇప్పుడు అన్ని వృత్తులకీ వచ్చింది. అలాంటి ఇంటిని నిలబెట్టేది రోజూ ఓ వేళకి చేసుకునే ఫోను, నెలకో ప్రయాణం, ఇంటి పనిలో వాటా. బయట పదిమందికి సంతకం పెట్టే మనిషి, ఇంట్లో పిల్లవాడి ప్రోగ్రెస్ రిపోర్టు మీద సంతకం పెట్టడానికి తీరిక లేదంటే ఆ పెద్దరికం ఎందుకు?

పిల్లలకి ఏమి నేర్పాలి?

మన పిల్లలకి ఒక అదృష్టం ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో, బడిలో ఇంగ్లీషు. రెండు ఊళ్ళ మనుషులతో మెలగగలిగే చొరవ వాళ్ళకి సహజంగానే వస్తుంది. మనం దాన్ని రెండు వైపులా తెంచకుండా ఉంటే చాలు. “మనవాళ్ళతోనే ఆడుకో” అని ఒకవైపు తెంచకూడదు. “తెలుగు ఎందుకు, పనికొచ్చేది ఇంగ్లీషే” అని ఇంకోవైపు తెంచకూడదు. తెలుగు రాని మనవడికి అమ్మమ్మతో బంధం పలచనవుతుంది. ఊరి భాష రానివాడికి ఊరితో బంధం పలచనవుతుంది.

ఈ సెలవుల్లో ఇంటిల్లిపాదీ కూర్చుని చేయదగిన పని ఒకటి చెబుతాను. ఓ కాగితం తీసుకుని మధ్యలో గీత గీయండి. ఎడమవైపు, “మన గురించి తెలిసి, మన కోసం సంతకం పెట్టగలవాళ్ళు” అని రాసి పేర్లు వేయండి. కుడివైపు, “మనం ఎవరి కోసం ధైర్యంగా సంతకం పెట్టగలం?” అని రాసి ఆ పేర్లు వేయండి. ఎడమవైపు అందరూ బంధువులే ఉంటే, మీరు ఊళ్ళో ఉన్నారు గాని ఊరు ఇంకా మీ ఇంట్లోకి రాలేదన్నమాట. కుడివైపు ఖాళీగా ఉంటే, ఎడమవైపు పేర్లు కూడా ఎక్కువకాలం నిలవవు. పిల్లల్ని కూడా వాళ్ళ స్నేహితుల పేర్లతో ఇలాంటి కాగితమే రాయమనండి. వాళ్ళు రాసినవి చూస్తే మనకు తెలియని సంగతులు చాలా తెలుస్తాయి.

ఆ తరువాత, చాలాకాలంగా పలకరించని ఒక్క పేరు ఎంచుకుని ఈ ఆదివారం ఫోను చేయండి. ఏమీ అడగవద్దు. “బాగున్నారా, పిల్లలు ఏం చేస్తున్నారు?” అని కనుక్కోండి చాలు. వారి భాష తెలుగు కాకపోతే, వారి భాషలోనే అడగండి.